నల్గొండ తోటలో స్పాడ్ మీటర్: కొన్నేళ్ల వాడకం తరువాత

మా నల్గొండలో ఆకు రాలే కాలమంటే పుష్య, మాఘ మాసాలే. అప్పుడు లాగర్‌స్ట్రోమియా పొదల ఆకులు పసుపు, నారింజ, ముదురు ఎరుపు రంగులకు తిరుగుతాయి కానీ, పొదంతా ఒకేసారి మారదు కనుక ఎంత మారిందన్నది కంటిచూపుతో తేల్చలేము. అందుకే తోటలో స్పాడ్ మీటర్, అంటే ఆకులో పత్రహరితం ఎంతుందో అంకెలో చూపే చేతి పరికరం, వాడుతున్నాను. పచ్చదనం తగ్గడాన్ని ఇది చక్కగా పట్టిస్తుంది. ఎరుపు ఎక్కడాన్ని మాత్రం దీనితో కొలవలేము.

ఆకును బిగింపులో పెట్టి నొక్కితే, 650 నానోమీటర్ల ఎర్రని కాంతి, 940 నానోమీటర్ల పరారుణ కాంతి ఆకును దాటి ఎంతెంత వచ్చాయో పోల్చి ఒక అంకె చూపుతుంది. పత్రహరితం మొదటిదాన్ని పీల్చుకుంటుంది, రెండవదాన్ని దాదాపు ముట్టదు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు ప్రధానంగా ఆకుపచ్చ కాంతిని పీల్చేవి కాబట్టి, అకాలిఫా ఆకు రాగిరంగులో మెరుస్తున్నా మీటరు చెప్పేది లోపలి పత్రహరితం సంగతే.

కొలిచే గవాక్షం 2×3 మిల్లీమీటర్లే. క్రోటన్ ఆకు మీద పచ్చని చోట ఒక అంకె వస్తే, పక్కనే ఉన్న పసుపు మచ్చ మీద అందులో సగం కూడా రాదు. నడిమి ఈనెను తప్పించి, ఒకే ఆకు మీద పలుచోట్ల కొలిచి, సగటు మీట నొక్కడమే మార్గం. రోడ్డు పక్క పొదలైతే ముందు దుమ్ము తుడవాలి.

ఇక్కడి అసలు చిక్కు నీళ్లతో వస్తుంది. క్షారగుణం ఉన్న బోరు నీళ్లు పారే పెరళ్లలో ఇనుము అందక నూరువరహాల ఆకులు పసుపుబారతాయి; మీటరుకు ఆ పసుపూ, వయసు మీరిన పసుపూ ఒకటే. తేడా ఆకు ఉన్న చోటులో ఉంది: ఇనుము లోపం కొమ్మ చివరి లేతాకుల్లో, ఈనెలు పచ్చగా నిలిచి మధ్యభాగం పాలిపోవడంతో మొదలవుతుంది, ముదిమి కింది ఆకుల నుంచి పైకి పాకుతుంది. కాబట్టి ఎంచుకున్న ఆకుల కాడలకు దారం కట్టి, ప్రతిసారీ వాటినే కొలుస్తాను.

మిర్యాలగూడ వైపు వరి రైతులకు తెలిసిన ఆకు రంగు పట్టిక చవకే అయినా, అందులో ఉన్నవన్నీ ఆకుపచ్చ ఛాయలే కనుక ఎరుపు విషయంలో అదీ అక్కరకు రాదు. అందుకు రంగుల మీటరు కావాలి. రంగును ఎల్, ఏ, బీ అనే మూడు అంకెలతో చెప్పే 1976 నాటి ల్యాబ్ పద్ధతిలో ‘ఏ’ విలువ సున్నాకు దిగువనుంటే పచ్చ వైపు, ఎగువనుంటే ఎరుపు వైపు అని అర్థం. నా లాగర్‌స్ట్రోమియాలలో స్పాడ్ అంకె పడిపోవడం మొదలైన తరువాతే ‘ఏ’ సున్నా దాటుతోంది. ఎండ తగిలే కొమ్మల్లో ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. నీడన ఉన్న ఆకులు చాలావరకు ఎరుపెక్కకుండానే పసుపుగా రాలిపోతాయి కనుక, ఎండ కొమ్మల అంకెలనూ నీడ కొమ్మల అంకెలనూ కలిపి సగటు తీయకపోవడం మేలు.