"లైఫ్‌టైం 5 టీబీ క్లౌడ్, 1,499 మాత్రమే" కొని మోసపోయాను, మీరు కొనకండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు డీటీపీ షాపులు, ఫొటో స్టూడియోలు, జిరాక్స్ సెంటర్లు నడిపేవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. "లైఫ్‌టైం 5 టీబీ క్లౌడ్ స్టోరేజ్, ఒక్కసారి 1,499 కడితే చాలు" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆఫర్ నేను కొన్నాను. క్లౌడ్ అంటే మన ఫైళ్లను నెట్ ద్వారా వేరేవాళ్ల కంప్యూటర్లలో దాచుకోవడం. పద్నాలుగు నెలలు బాగానే నడిచింది. శ్రావణం ముహూర్తాల గిరాకీ మీదున్నప్పుడు, ఒక మంగళవారం పొద్దున షాపు తెరిచేసరికి పదకొండేళ్ల పని మొత్తం కండ్ల ముందు కనబడుతున్నది, ఒక్క ఫైలూ తెరుచుకోవడం లేదు.

అసలు క్లౌడ్ జోలికి ఎందుకు పోయానో చెప్తాను. నా షాపు క్లాక్ టవర్ దగ్గర, ఇల్లు పానగల్‌లో. పగలంతా గిరాకీతోనే సరిపోతుంది, ప్రూఫ్ దిద్దే పని రాత్రి ఇంట్లో లాప్‌టాప్ మీద. మధ్యలో రాయబారం పెన్‌డ్రైవ్‌ది. ఒకసారి ఆ పెన్‌డ్రైవ్‌లో పాత ఫైలు తెచ్చి, తప్పు ముహూర్తంతో 500 పెండ్లి కార్డులు అచ్చు వేయించాను. పిల్ల తండ్రి షాపు ముందు నిలబడి ఏమన్నాడో ఇక్కడ రాయలేను. ఆ కార్డులు నా జేబు నుంచే మళ్లీ వేయించా. షాపులో సేవ్ చేసింది ఇంట్లో దానంతట అదే ఉంటే ఈ గోలే ఉండదు కదా అనుకుంటున్న రోజుల్లో గ్రూపులో ఆ పోస్టర్ వచ్చింది.

యూపీఐలో డబ్బులు పంపాను. పది నిమిషాల్లో ఐడీ, పాస్‌వర్డ్ వచ్చాయి. ఐడీలో ఎట్ గుర్తు తర్వాత ఏదో విదేశీ కాలేజీ పేరు, చివర డాట్ ఈడీయూ. ఇదేంటని అడిగితే అమ్మినవాడు "ప్రీమియం సర్వర్ అన్నా, ఏం టెన్షన్ పడకు" అన్నాడు. నేను పడలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

షాపు కంప్యూటర్లో ఉన్నది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఫొటోషాప్ ఫైళ్లు, ఫ్లెక్సీ డిజైన్లు పెరిగి అది ఎప్పుడూ నిండిపోయేది. క్లౌడ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొడితే "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటుంది, చూసే ఉంటారు. అది నొక్కితే డిస్క్ ఖాళీ అవుతుంది, ఫైళ్ల పేర్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉంటాయి. నాకు మహా సంబరంగా ఉండేది. ఆ నొక్కుడుతో అసలు ఫైలు మన కంప్యూటర్ నుంచి వెళ్లిపోయి, పేరు మాత్రమే మిగులుతుందని పట్టించుకోలేదు. డబుల్ క్లిక్ కొట్టినప్పుడల్లా నెట్ నుంచి దిగుతుంది. నెట్ ఉన్నంత కాలం, అకౌంట్ ఉన్నంత కాలం తేడా తెలియదు.

ఆ మంగళవారం "ది క్లౌడ్ ఫైల్ ప్రొవైడర్ ఈజ్ నాట్ రన్నింగ్" అని మెసేజ్ వచ్చింది. నెట్ సమస్యేమో అని రూటర్ ఆపి పెట్టాను. తర్వాత సైన్ ఇన్ చేయమంది, చేస్తే అసలు అలాంటి అకౌంటే లేదంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూశాను. సైజు 61 జీబీ. దాని కింద "సైజ్ ఆన్ డిస్క్", సున్నా. ఆ సున్నాని నేను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో పక్క చాయ్ కొట్టు పిల్లవాణ్ని అడగండి. వాడు తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే సాయంత్రానికి జవాబు: "లైఫ్‌టైం అంటే అకౌంట్ లైఫ్‌టైం అన్నా, మీ లైఫ్‌టైం కాదు." తర్వాత బ్లాక్.

తర్వాత నాలుగు రోజులు తిరిగి తెలుసుకున్నది ఇది. ఇవి కాలేజీలు తమ విద్యార్థులకు, స్టాఫ్‌కు ఇచ్చే అకౌంట్లు. ఎవరో లోపలివాళ్లు లెక్కకు మించి సృష్టించో, పాతవి సంపాదించో బయట అమ్ముతారు. ఒకప్పుడు కాలేజీలకు గూగుల్ లెక్కలేనంత స్టోరేజ్ ఇచ్చేది. 2021లో ఆ పద్ధతి ఆపుతున్నామని చెప్పి, 2022 జులై నుంచి మొత్తం సంస్థకు కలిపి 100 టీబీ అని గిరి గీసింది. 2024లో మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టింది. ఎన్ని వేల మంది ఉన్నా అందరికీ కలిపి 100 టీబీ అయితే, ఏ కాలేజీ అయినా ముందు చేసే పని అక్కరలేని అకౌంట్లు ఏరి తీసేయడం. అందులో నాదీ పోయింది. అది స్టోరేజ్ కంపెనీ తప్పు కాదు, కాలేజీ తప్పూ కాదు. వాళ్ల ఇంట్లో నేను దొంగ తాళంతో కాపురం పెట్టాను, వాళ్లు తాళం మార్చుకున్నారు.

లెక్క కూడా చూడండి. పెద్ద కంపెనీలే 2 టీబీకి నెలనెలా వందల రూపాయలు తీసుకుంటుంటే, వీడు 5 టీబీ జీవితాంతం 1,499కి ఎట్లా ఇస్తాడు? ఇంత చిన్న లెక్క గిరాకీ బిల్లులో అయితే నేను తప్పు చేయను.

ఫైళ్లు పోవడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. అలాంటి అకౌంట్‌లో ఉన్న ఫైళ్లను ఆ సంస్థ అడ్మిన్ తలుచుకుంటే తెరిచి చూడగలడు. మన షాపుల్లో ఏముంటాయి? ఆధార్ జిరాక్సులు, పట్టాదారు పాసుబుక్కులు, పెండ్లి బయోడేటాలు, ఆడపిల్లల ఫొటోలు. నమ్మి నా చేతికి ఇచ్చినవాటిని నేను ఎవరి గోదాములో పెట్టానో ఈ రోజుకీ తెలియదు. ఫొటో స్టూడియోవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఏం మిగిలిందంటే, ఇంటి లాప్‌టాప్‌లో ఈ మధ్య తెరిచిన ఫైళ్లు కొన్ని నిజంగానే దిగి ఉన్నాయి. ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ల కంప్యూటర్లో మూడేళ్ల డిజైన్లు దొరికాయి, వాళ్లకు దండం. గిరాకీలకు వాట్సాప్‌లో పంపిన ప్రూఫులు పాత ఫోన్లోంచి తీశాను. పెండ్లి కార్డుల సంగతి ఎట్లానో నెట్టుకొచ్చా.

నెట్టుకురాలేనిది ఒక్కటి. కనగల్ వైపు ఊరి నుంచి ఒక రిటైర్డ్ టీచర్ సారు తన పద్యాల పుస్తకం టైప్ చేయించుకుంటున్నారు. 180 పేజీలు, పుస్తకాలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్స్ అనే పాత రకం తెలుగు అక్షరాలతో. ప్రతి గురువారం బస్సులో వచ్చి పక్కన కూర్చుని అరసున్నా కూడా వదలకుండా దిద్దించేవారు. పీడీఎఫ్ ప్రూఫ్ 112 పేజీల వరకే ఉంది. అను ఫాంట్స్ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పీడీఎఫ్ నుంచి కాపీ కొడితే వచ్చేది తెలుగు కాదు, పిచ్చి గీతలు. అదే ఫాంట్ పెట్టి చూసినా వత్తులు సగం ఎగిరిపోయాయి. ఆయనకు విషయం చెప్పడానికి నాకు రెండు గురువారాలు పట్టింది. మొదటి గురువారం కరెంటు లేదని అబద్ధం చెప్పాను.

ఇప్పటికే ఇలాంటి అకౌంట్ కొన్నవాళ్లు ఉంటే, మీ ఐడీలో ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి. మీది కాని కాలేజీ పేరో, కంపెనీ పేరో ఉంటే ఈ రాత్రే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చి మొత్తం దింపుకోండి. అమ్మినవాడితో కొట్లాట తర్వాత పెట్టుకోవచ్చు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సైజు, సైజ్ ఆన్ డిస్క్ రెండూ దాదాపు సమానంగా ఉన్నాయా చూసుకోండి. విండోస్‌లో వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు గుర్తులు కూడా కనబడతాయి. నీలం మబ్బు బొమ్మ ఉంటే ఫైలు మీ దగ్గర లేనట్టే. పచ్చటి గుండ్రంలో తెల్ల టిక్కు ఉంటే మీ డిస్క్‌లో ఉన్నట్టు, "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" నొక్కితే అది వస్తుంది. గూగుల్ డ్రైవ్ అయితే సెట్టింగ్స్‌లో స్ట్రీమ్, మిర్రర్ అని రెండు ఉంటాయి, మిర్రర్ పెడితేనే ఫైళ్లన్నీ కంప్యూటర్లో ఉంటాయి.

సొంత అకౌంట్ ఉన్నవాళ్లూ ధీమాగా ఉండకండి. సింక్ అంటే అన్ని చోట్లా ఒకేలా ఉంచడం, అది బ్యాకప్ కాదు, అంటే విడిగా దాచిన కాపీ కాదు. మిర్యాలగూడలో స్టూడియో నడిపే నా సోపతిగాడు లాప్‌టాప్ నిండిందని ఒక పెండ్లి ఆల్బమ్ ఫోల్డర్ డిలీట్ కొట్టాడు, షాపు కంప్యూటర్లో ఉంది కదా అని. రెండు నిమిషాల్లో షాపులోనూ మాయం. ఒక చోట తీసేస్తే అన్ని చోట్లా తీసేయడమే దాని పని. వాడికి వారంలోపే గుర్తొచ్చింది కాబట్టి ట్రాష్‌లో దొరికింది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు దాటితే అదీ ఉండదు.

నేనిప్పుడు నా పేరు మీద, కంపెనీ వెబ్‌సైట్‌లోనే డబ్బు కట్టి తీసుకున్న చిన్న ప్లాన్ వాడుతున్నాను. అందులో నడుస్తున్న పనులే ఉంటాయి. మామూలు జీమెయిల్‌తో వచ్చే ఉచిత 15 జీబీ మెయిల్‌కీ, ఫొటోలకీ, డ్రైవ్‌కీ కలిపి కాబట్టి షాపుకు అది చాలదు. పాతవన్నీ హార్డ్ డిస్క్‌లో. ఆదివారం ఆదివారం కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెడుతున్నా. పీకకుండా వదిలేస్తే, కంప్యూటర్‌లోకి వైరస్ దూరినరోజు అదీ పోతుంది.

ఫిర్యాదు సంగతి: సైబర్ మోసాల నంబర్ 1930కి చేశాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాను. బిల్లు లేదు, యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ మాత్రమే ఉన్నాయి. మీరు కూడా కొని ఉంటే చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. వాడిప్పుడు కొత్త నంబర్‌తో 10 టీబీ అమ్ముతున్నాడు, పోస్టర్ రంగు కూడా మార్చలేదు.

సారు పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి కొడుతున్నాను, డబ్బులు తీసుకోకుండా. మొన్న గురువారానికి 64వ పేజీకి వచ్చాం. ఆయన ఈసారి వస్తూ వస్తూ సంచిలోంచి ఒక కొత్త పెన్‌డ్రైవ్ తీసి నా కీబోర్డు పక్కన పెట్టారు. "బిడ్డా, పోయేటప్పుడు నాది నాకు ఇందులో వేసియ్యి" అన్నారు.