సిడ్నీ ఇంట్లో నేల కింద హీటింగ్: బాత్రూమ్‌కి సరే, హాల్‌కి వద్దు

సిడ్నీలో చలేంటి అని ఇండియా నుంచి ఫోన్ చేసినవాళ్లంతా అడుగుతుంటారు. బయట చలి నిజంగానే పెద్దదేం కాదు, ఇక్కడ నడిచలికాలమైన జూలైలో కూడా పగలు 17, తెల్లవారుజామున 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇబ్బందంతా ఇంట్లోనే. ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి గోడల్లో వేడిని బయటికి పోనివ్వని పొర, అంటే ఇన్సులేషన్, ఉండదు, కిటికీలకు ఒకే పొర అద్దం, తెల్లారేసరికి టైల్స్ మీద కాలు పెట్టలేం. పైగా మనం ఇంట్లో చెప్పులు వేసుకోం, పొద్దున్నే తలస్నానం చేసి తడికాళ్లతోనే దేవుడి దగ్గరికి వెళ్తాం. అందుకే బాత్రూమ్ రెనొవేషన్‌లో టైల్స్ కింద ఎలక్ట్రిక్ హీటింగ్ మ్యాట్ వేయించాం. చలికాలమంతా వాడి చూశాక రాస్తున్నాను.

బాత్రూమ్‌కైతే కళ్లు మూసుకుని వేయించుకోండి. హాల్‌కీ బెడ్‌రూములకీ మాత్రం సేల్స్‌వాళ్లు ఎంత చెప్పినా వద్దు.

మ్యాట్ అంటే ఫైబర్‌గ్లాస్ జాలీ మీద మెలికలు మెలికలుగా అతికించిన సన్నని కేబుల్, అంతే. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు, టైల్స్ అతికించే అడ్హెసివ్‌లో కలిసిపోతుంది, మ్యాట్ వల్ల నేల ఎత్తు పెరిగి తలుపు తగులుతుందన్న భయం లేదు. చదరపు మీటరుకి 150 వాట్ల రకం తీసుకున్నాం. వానిటీ (సింక్ ఉండే అల్మారా) కింద, టాయిలెట్ కింద వేడి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి అక్కడ వేయకూడదు, అవి తీసేస్తే మాకు మిగిలింది 3 చదరపు మీటర్లు. అంటే 450 వాట్లు, ఇస్త్రీపెట్టె కన్నా తక్కువ. పొద్దున మూడు గంటలు ఆగకుండా నడిచినా 1.35 యూనిట్లు, యూనిట్ 35 సెంట్లు అనుకుంటే రోజుకి 50 సెంట్లు కూడా కాదు. నేల వేడెక్కాక థర్మోస్టాట్ ఆపుతూ ఉంటుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకా తక్కువే.

ఐదింటికి ఆన్ అయ్యేలా టైమర్ పెట్టాం, ఆరింటికల్లా నేల 28 డిగ్రీలకు వస్తుంది. చేత్తో తాకితే వేడిగా అనిపించదు, కాలు పెడితే హాయిగా ఉంటుంది. అమ్మ జూన్‌లో వచ్చినప్పుడు మొదటిరోజు పొద్దున్నే బయటికొచ్చి "ఈ గదిలో నేల ఒక్కటే కాళ్లు లాగట్లేదేంట్రా?" అంది. నేను అనుకోని లాభం ఇంకోటి ఉంది, నీళ్లు నిలవకుండా నేల గబగబా ఆరిపోతుంది, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌లో నలుపు పట్టడం బాగా తగ్గింది.

ఇక హాల్ సంగతి. మా హాల్, డైనింగ్ కలిపి 40 చదరపు మీటర్లు. అదే మ్యాట్ అంతటా పరిస్తే 6 కిలోవాట్లు, సాయంత్రం నాలుగు గంటలు పూర్తిగా నడిస్తే 24 యూనిట్లు. అంతే వేడిని రివర్స్ సైకిల్ ఏసీ (చలికాలం వేడిగాలి కూడా ఇచ్చేది) మూడో వంతు కరెంటుతోనే ఇస్తుంది, అది బయటి గాలిలోని వేడిని లాగి లోపల పోస్తుంది కాబట్టి. ఆ ఏసీ ఎండాకాలం కోసం ఎలాగూ ఇంట్లో ఉంటుంది. నేల కాంక్రీటు స్లాబ్‌లో వేడినీళ్ల పైపులు వేసే పద్ధతిలో కరెంటు ఆదా అవుతుంది, ఆ ఏసీలాగే బయటి గాలి వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంప్‌తో 35, 40 డిగ్రీల నీళ్లు చాలు. కానీ కాంక్రీటు వేడెక్కడానికి గంటలు పడుతుంది. ఇక్కడ పొద్దున చలి, మధ్యాహ్నానికి ఉత్తరం కిటికీల్లోంచి (దక్షిణార్ధగోళం కదా, ఎండ ఉత్తరం నుంచే) మంచి ఎండ. స్లాబ్ వేడెక్కే సమయానికి ఎండ కూడా వచ్చేస్తుంది, ఇక స్విచ్ ఆపినా ఆ వేడి వెంటనే పోదు, కిటికీలు తెరుచుకుని కూర్చోవాలి. కాన్‌బెర్రాలాంటి చోట, రోజంతా చలి వదలని ఇంట్లో, కొత్తగా స్లాబ్ పోస్తుంటే అది మంచి ఎంపికే.

మాకు పని చేసినవాళ్లలో ఎలక్ట్రీషియన్‌కి వందకి వంద మార్కులు. మ్యాట్ విప్పగానే, పరిచాక, టైల్స్ అయ్యాక మూడుసార్లూ మల్టీమీటర్ పెట్టి కేబుల్ రెసిస్టెన్స్ 118 ఓమ్స్ దగ్గర చూపిస్తోందని నాకు చూపించి రాసిచ్చాడు. కేబుల్ ఎక్కడైనా తెగితే ఆ అంకె అక్కడే మారిపోతుంది, లేకపోతే తర్వాత టైల్స్ పగలగొట్టి వెతుక్కోవాలి. టైల్స్ వేసినతను మాత్రం అదే మ్యాట్ మీద బూట్లతో తిరుగుతూ, అడ్హెసివ్ బకెట్ దాని మీదే పెట్టాడు. రెండుసార్లు చెప్పాక గానీ అట్టముక్కలు పరచలేదు. వాళ్లిచ్చిన మొదటి కొటేషన్‌లో మ్యాట్ కింద వేసే ఇన్సులేషన్ బోర్డు కూడా లేదు. అది లేకుండా కాంక్రీటు మీద నేరుగా వేస్తే చాలా వేడి కిందికే పోతుంది, కాబట్టి గట్టిగా అడగండి. నేల సెన్సర్‌ని చిన్న గొట్టంలో పెట్టించుకోండి, పాడైతే లాగి మార్చుకోవచ్చు.

హైదరాబాద్‌లో విల్లా కడుతున్న మా బాబాయి తనూ వేయిస్తానన్నాడు, వద్దన్నాను. అక్కడ చలి ఉండేది కొద్ది వారాలు, దానికి ఒక మందపాటి తివాచీ చాలు. మే నెలలో ఆ మార్బుల్ చల్లదనమే కదా కావాల్సింది. ఊటీలోనో మనాలీలోనో ఇల్లయితే వేరే మాట.

ఇక్కడ వేయించుకునేవాళ్లు టైల్స్ షాపుకి వెళ్లకముందే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీ స్విచ్‌బోర్డులో కొత్త సర్క్యూట్‌కీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ సేఫ్టీ స్విచ్‌కీ చోటుందో లేదో చూపించుకోండి. పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు, బోర్డు మార్చాల్సి వస్తే మ్యాట్ కన్నా దానికే ఎక్కువ అవుతుంది.