కంచు విగ్రహం చేయిస్తున్నారా? బరువు తూచాకే మిగతా డబ్బు ఇవ్వండి

చెన్నైలో ఉంటూ ఊళ్లో పెద్దవాళ్ల విగ్రహం పెట్టిద్దామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నెల్లూరు జిల్లాలో మా ఊరి బడికి స్థలం ఇచ్చింది మా తాతగారు. బడి ముందు పెట్టడానికి ఆయన బస్ట్‌ను (తల నుంచి భుజాల వరకు ఉండే విగ్రహం) మహాబలిపురం దారిలో ఒక శిల్పి దగ్గర చేయించాం. మాట్లాడుకున్నది కంచు పోత. వచ్చింది రంగు కొట్టిన ఫైబర్.

వ్యాన్‌లోంచి దించేటప్పుడే అనుమానం వచ్చింది. రెండున్నర అడుగుల కంచు బస్ట్, లోపల గుల్లగా పోసినా సరే, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. డ్రైవర్ దాన్ని చంకన పెట్టుకుని మెట్లెక్కేశాడు! ఫోన్ చేస్తే శిల్పి తడుముకోకుండా, "మ్యాగ్నెట్ పెట్టి చూసుకోండి సార్, అంటుకుంటే అడగండి" అన్నాడు. కంచుకు మ్యాగ్నెట్ అంటుకోదు, నిజమే. ఫైబర్‌కు మాత్రం అంటుకుంటుందా? కంచు నీటికన్నా దాదాపు 8.8 రెట్లు బరువు, ఫైబర్ మామూలుగా రెండు రెట్లు కూడా ఉండదు. అందుకే తూకం వేయించండి. గట్టిగా అడిగేసరికి "నేను రాసింది బ్రాంజ్ ఫినిష్ అని" అంటూ మాట మార్చాడు. బ్రాంజ్ ఫినిష్ అంటే పైన రంగే. పోత అని తనే పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ముఖం సంగతి ఇంకో కథ. మట్టి మోడల్ చూస్తామంటే వర్క్‌షాప్‌కు రానివ్వలేదు, ఎదురుగా తీసిన ఫోటోలే పంపాడు. తీరా చూస్తే పక్కనుంచి ఆ ముక్కు తాతగారిది కాదు. మెడ, భుజాలు, కండువా మడతలు అచ్చం ఆ శిల్పి షెడ్డులో వరసగా నిలబెట్టిన రాజకీయ నాయకులవి. పాత అచ్చుకే కొత్త తల తగిలించాడన్నమాట. మా తాతగారు జన్మలో కండువా వేసుకోలేదు!

మార్పులేవైనా మట్టి దగ్గరే జరగాలి. ఆ మట్టి మీద అచ్చు తీసి, అందులో మైనం బొమ్మ చేసి, దాని చుట్టూ మళ్లీ అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోస్తారు. అంతా అయ్యాక ముక్కు మార్చమంటే పని మళ్లీ మొదటికే. కాబట్టి మోడల్‌ను నాలుగు వైపుల నుంచీ మీ కళ్లతో చూడనిదే రెండో వాయిదా ఇవ్వకండి. లోహం ఏదో, మందం ఎంతో, బరువు సుమారు ఎంతో కొటేషన్‌లో రాయించండి. పోత పోసే రోజు అక్కడే ఉంటామని ముందే చెప్పండి. వద్దన్నాడంటే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.

డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915లో ఫిర్యాదు పెట్టాం, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఈలోగా ఒక సాయం. మైనం పోతలో మనుషుల ముఖాలు చేసే స్థపతి (విగ్రహ శిల్పి), కంచు విగ్రహాలకు పేరున్న స్వామిమలై వైపైనా సరే, మీరు స్వయంగా పని చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.