ఎంపీహెచ్ కోసం కర్నూలు, అనంతపురం: నాన్నతో నాలుగు రోజులు

మాది మైదుకూరు పక్కన ఒక పల్లె. బీఎస్సీ నర్సింగ్ చదివి నాలుగేళ్ళుగా సబ్‌సెంటర్‌లో సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్)గా పని చేస్తున్నాను. ప్రతి వానాకాలం మా ఊళ్ళో ఒకే వీధిలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఓఆర్ఎస్ ఇస్తాం, జింక్ మాత్రలు ఇస్తాం, తగ్గిపోతాయి. మళ్ళీ ఏడాదికి అదే వీధి. నేను నేర్చుకున్నది మందివ్వడం వరకే. ఆ వీధికే ఎందుకొస్తోందో కనుక్కోవడం నాకు రాదు. అందుకే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఎంపీహెచ్) చదవాలని నిశ్చయించుకున్నాను.

"చదివితే డాక్టర్ అవుతావా మ్మా?" అని నాన్న అడిగాడు. కాను. కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ వేరు, దానికి ఎంబీబీఎస్ ఉండాలి. ఎంపీహెచ్ రెండేళ్ళ కోర్సు. నర్సింగ్, డెంటల్, ఆయుర్వేదం చదివినవాళ్ళు కూడా చేరవచ్చు. ఎపిడెమియాలజీ (రోగాలు ఎవరికి, ఎక్కడ, ఎందుకొస్తాయో కనుక్కోవడం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్యానికి సంబంధించిన లెక్కలు), ఆరోగ్య విధానాలు నేర్పుతారు. చివర్లో సొంతంగా ఒక పరిశోధన చేయాలి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1997 నుంచీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో కూడా ఉంది. కానీ నాకు మూడేళ్ళ పాప. ముందు దగ్గర్లో చూద్దామనుకున్నాం. కర్నూలులో శుక్రవారం, అనంతపురంలో శనివారం చేరబోయేవాళ్ళకు క్యాంపస్ చూపిస్తున్నారని తెలిసి, పాపను అమ్మ దగ్గర వదిలి బయల్దేరాం. ఒక్కరోజు చూసి మంచీ చెడూ రాస్తున్నాను కాబట్టి ఆ సంస్థల పేర్లు రాయడం లేదు.

గురువారం పొద్దున మైదుకూరులో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా నాలుగు గంటల్లో కర్నూలు. రోడ్డు బాగుంది. బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో పదకొండు వందలకు రూమ్ తీసుకున్నాం. అది పొరపాటు. వేడినీళ్ళు పొద్దున గంటసేపే, అదీ గోరువెచ్చగా. రాత్రంతా హారన్లు. నాన్నకు నిద్రే లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు రెండు వీధులు లోపలికి నడిచి, రూమ్ చూసి, కుళాయి తిప్పి చూశాకే డబ్బులు కట్టండి. పొద్దున పక్క సందులో తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జి మాత్రం ఎంత చెప్పినా తక్కువే.

గురువారం సాయంత్రం కొండారెడ్డి బురుజు చూసి, తుంగభద్ర ఒడ్డుకు ఆటోలో వెళ్ళాం. 2009 అక్టోబర్ వరద గురించి నాన్న అడిగితే ఆ ఆటో ఆయన బండి పక్కకు ఆపి మరీ చెప్పాడు. "నీళ్ళొచ్చిన రోజు కాదు సార్, పోయినాంక ఉండాది కష్టం. బురద, చచ్చిన గొడ్లు, బోర్లో నీళ్ళు చూస్తే తాగేటట్ల లేవు. పిల్లోళ్ళకు యాడ రోగమొస్తాదో అని భయం." పబ్లిక్ హెల్త్ అంటే ఇదే కదా అనిపించింది. రేపు క్యాంపస్‌లో ఈ వరద గురించి తప్పకుండా మాట్లాడతారనుకున్నాను.

మాట్లాడలేదు. తొమ్మిదిన్నరకు రమ్మని మెసేజ్ పంపి పదకొండుకు మొదలుపెట్టారు. ఏసీ ఆడిటోరియం, పెద్ద తెర, క్యాంపస్‌ని పైనుంచి తీసిన డ్రోన్ వీడియో, వరసగా ఉపన్యాసాలు. నా వంతు వచ్చినప్పుడు ఒక్కటే అడిగాను: "మీ విద్యార్థులు ఫీల్డ్ వర్క్ చేసేది ఏ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) పరిధిలో?" అన్నీ ఏర్పాటు చేస్తామన్నారు. ఏ ఊళ్ళు, వారానికి ఎన్ని రోజులు అని మళ్ళీ అడిగితే మైకు పక్కవాళ్ళకు వెళ్ళిపోయింది. ఫీజు కాగితంలో ట్యూషన్ ఫీజు ఒక్కటే ఉంది. హాస్టల్, పరీక్ష ఫీజు రాసివ్వమంటే ఫోన్ చేయమన్నారు. నాకు బాధేసింది. ఈ ఊరు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అనే పేర్లు ఆనాటివే. కర్నూలు మెడికల్ కాలేజీ 1956లోనే వచ్చింది. చుట్టూ జిల్లాల రోగులంతా వచ్చే పెద్దాసుపత్రి ఉన్న ఊళ్ళో, ప్రజల ఆరోగ్యం నేర్పుతామనేవాళ్ళు ఊరి సంగతే ఎత్తకపోతే ఎలా? లైబ్రరీ మాత్రం బాగుంది. అక్కడ కలిసిన సెకండియర్ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. వేదిక మీది మాటలకన్నా ఆ పది నిమిషాలే నాకు పనికొచ్చాయి.

సాయంత్రం డోన్, గుత్తి మీదుగా అనంతపురం బస్సు. రైలు కూడా ఉంది, టైమ్ కుదరలేదు. గుత్తి కోట మీద పొద్దు గుంకుతుంటే నాన్న కిటికీ వదల్లేదు.

ఇక్కడ బస ఏర్పాటు సంస్థవాళ్ళదే. నాకు లేడీస్ హాస్టల్‌లో, నాన్నకు అబ్బాయిల హాస్టల్‌లో, రాత్రి భోజనంతో కలిపి తలా రెండు వందల యాభై. గది చిన్నది, మంచం గట్టిది, కానీ శుభ్రం. రాగి సంగటి, పప్పు, ఊరుబిండి పెట్టారు. చదవబోయే చోట ఒక రాత్రి పడుకుంటే నీళ్ళెప్పుడొస్తాయి, గేటెప్పుడు వేస్తారు, వార్డెన్ ఎలా మాట్లాడుతుందన్నది తెలిసిపోతుంది. అవకాశమిస్తే లాడ్జి మానేసి హాస్టల్‌లోనే ఉండండి.

శనివారం ఎనిమిదికే బస్సెక్కించారు. ఆడిటోరియం లేదు, ఉపన్యాసం లేదు, నేరుగా పల్లెకే. ఆ రోజు టీకాల రోజు. ఏఎన్ఎం (ఊళ్ళో టీకాలు వేసే నర్సమ్మ) పని చేసుకుంటుంటే, విద్యార్థులు టీకాకు రాని పిల్లల లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో (టీకాలు దాచే ప్రత్యేకమైన ఫ్రిజ్) 2 నుంచి 8 డిగ్రీల మధ్యే టీకాలు ఎందుకుంచాలో ఒక అబ్బాయి నాన్నకు ఓపిగ్గా చెప్పాడు. తర్వాత బడికి తీసుకెళ్ళారు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. కాచితే పోదు సరికదా, నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని విద్యార్థులు బకెట్లో చేసి చూపించారు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో వందల ఊళ్ళకు నీళ్ళెందుకు తేవాల్సి వచ్చిందో అక్కడ నిలబడితే అర్థమైంది. "మన పక్కూళ్ళో పిల్లల పళ్ళూ ఇట్లే ఉంటాయి కదా మ్మా" అన్నాడు నాన్న.

మధ్యాహ్నం క్లాసులో ఒక లెక్క ఇచ్చారు. పెళ్ళిలో 80 మంది భోంచేశారు, 32 మందికి మూడు నాలుగు గంటల్లో వాంతులు. కారణమేంటి? నాన్నతో సహా అందరూ చికెన్ అన్నారు. మేడమ్ బోర్డు మీద గీతలు గీసింది. చికెన్ తిన్న 60 మందిలో 24 మందికి, తినని 20 మందిలో 8 మందికి వాంతులు. రెండువైపులా నూటికి 40. అంటే చికెన్ కాదు. పెరుగువడ తిన్న 40 మందిలో 30 మందికి, తినని 40 మందిలో ఇద్దరికే. 75 శాతం, 5 శాతం. పదిహేను రెట్లు తేడా! ఇంత త్వరగా వాంతులయ్యాయంటే వండినవాళ్ళ చేతి పుండు నుంచి స్టాఫిలోకాకస్ చేరి, ఆహారంలోనే విషం తయారై ఉండొచ్చంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదట. నాలుగేళ్ళుగా నేను రాసిన రిజిస్టర్లన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆ వీధిలో ఎవరెవరు ఏ కుళాయి నీళ్ళు తాగారో నేను ఎప్పుడూ రాసుకోలేదు.

ఇక్కడా లోటు లేకపోలేదు. లైబ్రరీ చిన్నది. కంప్యూటర్లు పాతవి. ఉద్యోగాల గురించి అడిగితే అందరికీ వస్తాయని మాట ఇవ్వలేమన్నారు. మొదట టెన్షన్ పడ్డాను కానీ, ఆ నిజాయితీ నచ్చింది. ఫీజు మొత్తం, మెస్‌తో సహా, సంతకం పెట్టి ఇచ్చారు.

ఇలాంటి రోజులకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే: భవనాలు తర్వాత చూడొచ్చు, ముందు వాళ్ళ ఫీల్డ్ ఏరియాకు తీసుకెళ్ళమనండి. తీసుకెళ్ళకపోతే మీరే కనుక్కుని ఆ పీహెచ్‌సీకి వెళ్ళి, ఫలానా కాలేజీ పిల్లలు వస్తారా అని ఏఎన్ఎంని అడగండి. పోయినేడు విద్యార్థులు చేసిన డిసర్టేషన్లు (పరిశోధన నివేదికలు) నాలుగైనా తిరగేయండి. చుట్టుపక్కల ఊళ్ళ సమస్యలు అందులో ఉన్నాయో లేదో చూడండి.

ఆదివారం తాడిపత్రి మీదుగా ఇంటికొచ్చాం. బస్సులో పక్కన కూర్చున్న పెద్దామె బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రిలో కూతురి కాన్పు గురించి ఊరొచ్చేదాకా చెబుతూనే ఉంది.

సోమవారం డ్యూటీకి వెళ్ళగానే ఒక నోటుబుక్కు తీసి, ఆ వీధి ఇళ్ళన్నీ వరసగా రాసి, పక్కన "ఏ కుళాయి" అని గడి గీశాను. ఇరవై మూడు ఇళ్ళు పూర్తయ్యాయి. అనంతపురానికి అప్లికేషన్ కూడా నింపాను, సెలవు కాగితం మీద మెడికల్ ఆఫీసర్ గారి సంతకం ఒక్కటే మిగిలింది.