వంద టన్నుల పిన్ ప్రెస్ కొన్నాం, ఏడాదిన్నర వాడాక రాస్తున్నా

ప్రొక్లెయినర్, డోజర్ లాంటి బండ్ల చైన్ విప్పడానికి దాని పిన్నుని ఆయిల్ ప్రెషర్‌తో బయటికి తోసే మిషనే హైడ్రాలిక్ పిన్ ప్రెస్, సమ్మెట పక్కన పెట్టి అది కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మెకానిక్కుల కోసం ఇది రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా, కొనండి, కానీ దాంతో పాటు వచ్చే పుష్ పిన్నుల్ని (చైన్ పిన్నుకి ఆనించి తోసే కడ్డీల్ని) నమ్మకండి, ప్రెషర్ చూపించే గేజ్ లేని మోడల్ మాత్రం ఎంత తక్కువకి వచ్చినా వద్దు. ఎందుకో మొత్తం చెప్తా, కాస్త పొడుగే అవుద్ది.

ఇంతకుముందు మేమూ అందరిలాగే చేసేవాళ్లం. చైన్ ముక్కల్ని, అంటే లింకుల్ని, కలిపే పిన్నుల్లో చైన్ విప్పడానికి తియ్యాల్సింది మాస్టర్ పిన్ను, అది కదలకపోతే ఒకడు డ్రిఫ్ట్ (పిన్ను మీద ఆనించే ఇనప కడ్డీ) పట్టుకోవాలి, ఇంకొకడు సమ్మెట వెయ్యాలి, సాయంత్రానికి కదిలితే అదృష్టం. ఒక 20 టన్నుల ప్రొక్లెయినర్ దగ్గర ఒకటిన్నర రోజు కొట్టాం, పిన్ను వెంట్రుకంత కూడా జరగలేదు గానీ దాని తల చితికిపోయి అంచులు బయటికి విచ్చుకున్నాయి, ఇక అది లింక్ హోల్‌లో పట్టే ప్రశ్నే లేదు, అంటే మన చేతులతో మనమే బిరడా కొట్టినట్టు. పైగా పిన్ను పైపొర హార్డెనింగ్ చేసి ఉంటుంది, గట్టి ఉక్కు మీద గట్టి ఉక్కు పడితే పెంకు లేస్తుంది. ఆ రోజు గోరంత పెంకు లేచి మా హెల్పర్ ముంజేతిలో దిగింది, రెండు కుట్లు పడ్డాయి. అదే కంటికి తగిలుంటే ఏంటి పరిస్థితి అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. ప్రెస్ కొన్నది అందుకే, టైమ్ కలిసొస్తుందని కాదు.

మా దగ్గరున్నది సి ఆకారం ఫ్రేమ్, దానికి వంద టన్నుల సిలిండర్, విడిగా చేతి పంపు, మధ్యలో పొడుగు హోస్, పంపు దగ్గర గేజ్. ఫుల్ ప్రెషర్ 700 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత). ఫ్రేమ్ బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకున్నా పిన్నుకి ఎదురుగా సెట్ చెయ్యడం కష్టం, మేము మూడు కాళ్ల స్టాండుకి చైన్ బ్లాక్ వేలాడదీసి దాంతో ఎత్తుకుంటాం. హోస్ పొడుగ్గా ఉండటం నాకు బాగా నచ్చింది, పంపు కొట్టేవాడు పిన్ను లైన్లో కాకుండా పక్కకి దూరంగా కూర్చోవచ్చు.

మొదటి పనే మాకు పాఠం చెప్పింది. చైన్ లూజ్ చేశాం, ఐడ్లర్ (చైన్ తిరిగే ముందు చక్రం) ముందు భాగంలో పిన్ను చేతికి అందే ఎత్తులో ఆపాం, చైన్ కింద చెక్క దిమ్మలు పెట్టాం, ప్రెస్ తగిలించి పంపు కొట్టాం. 300, 400, 500 బార్, ముల్లు ఎక్కుతూనే ఉంది, పిన్ను కదలట్లేదు. 600 దాటగానే నేను ఆపేయమన్నా. మామూలుగా మాస్టర్ పిన్ను మిగతా పిన్నుల కంటే కొంచెం తక్కువ బిగువుతో కూర్చుంటుంది, ఇది ఇంత మొండికేస్తుందంటే ఏదో అడ్డం ఉండాలి అనిపించింది. ప్రెషర్ వదిలేసి వైర్ బ్రష్‌తో లింక్ అంతా గీకితే రాయిలా ఎండిపోయిన మట్టి కింద చిటికెన వేలు కంటే సన్నటి హోల్ బయటపడింది, దాంట్లో అడ్డంగా ఒక లాక్ పిన్ను. "అన్నా, దీన్ని తియ్యకుండానే తోస్తున్నామా" అని హెల్పర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది తీశాక పిన్ను 350 బార్‌కే జారింది. గేజ్ లేకపోయుంటే ఇంకా కొడుతూనే ఉండేవాళ్లం, లింకో ఫ్రేమో పగిలేది. అందుకే గేజ్ గురించి అంత గట్టిగా చెప్పా. కొన్ని చైన్లకి లాక్ పిన్ను బదులు రింగ్ ఉంటుంది, కొన్నిటికి ఏమీ ఉండదు, పిన్ను తల మీద చిన్న గుంట గుర్తు మాత్రం ఉంటుంది, ఏదైనా ముందు మట్టి గీకి చూడండి. కొన్ని డోజర్లకి అసలు పిన్నుతో పనే లేదు, రెండు ముక్కల మాస్టర్ లింక్‌కి బోల్టులు విప్పితే చాలు, అలాంటిదానికి ప్రెస్ మోసుకెళ్లి ఉపయోగం లేదు.

రెండో మిషన్‌ది నిజంగా తుప్పే. చాలా కాలం నీళ్లలో, బురదలో నిలబడిపోయిన బండి. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ రెండు వైపులా పోసి వదిలేశాం, పొద్దున 520 బార్ దాకా ఎక్కించి ఆపి కూర్చున్నాం. వంద టన్నుల సిలిండర్‌లో 520 అంటే దాదాపు 74 టన్నుల తోపు, అయినా కదల్లేదు. అప్పుడు ప్రెషర్ వదిలేసి లింక్ కన్ను (పిన్ను కూర్చునే హోల్) చుట్టూ గ్యాస్ మంటతో నిదానంగా వేడి చేశాం, పిన్నుని కాదు, లింక్‌ని మాత్రమే. 50 మిల్లీమీటర్ల హోల్‌ని ఇంకో 150 డిగ్రీలు వేడెక్కిస్తే అది పెద్దదయ్యేది 0.09 మిల్లీమీటర్లే, వినడానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ ఇలా బిగువుగా నొక్కి కూర్చోబెట్టిన పిన్ను దగ్గర అదే చాలా ఎక్కువ. ఎర్రగా కాల్చకండి, లింక్‌కి ఉన్న హార్డెనింగ్ పోతుంది, తర్వాత కొత్త పిన్ను బిగువుగా కూర్చోదు. ఫలానా వేడికి కరిగే టెంపరేచర్ చాక్ గీసుకుని అది కరగగానే ఆపేశాం. సీల్ ఎలాగూ కాలిపోతుంది, కొత్తది ముందే తెచ్చి పెట్టుకోండి. లోపల ఆయిల్ నింపి మూసేసిన పిన్నులుండే చైన్ అయితే ఈ వేడి జోలికే పోవద్దు, మూసున్న ఆయిల్ వేడెక్కితే ప్రెషర్ ఎక్కడికి పోతుందో మీకే అర్థమవుతుంది.

మళ్లీ ప్రెస్ తగిలించి కొడితే 400 దగ్గర ఢాం అని తుపాకి పేలినట్టు సౌండ్. ముల్లు ఒక్కసారి 150కి పడిపోయింది, పిన్ను అవతల వైపు వేలెడు బయటికొచ్చింది, దాని మీద తుప్పు గోధుమ రంగు పొడిలా రాలుతోంది. ఒకటిన్నర రోజుల సమ్మెట దెబ్బలు గుర్తొచ్చి ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాం. ఆ సౌండ్ వచ్చినప్పుడు పిన్నుకి ఎదురుగా గానీ ప్రెస్ వెనకాల గానీ ఎవరూ ఉండకూడదు, కళ్లకి సేఫ్టీ అద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు కంప్లైంట్లు. ప్రెస్‌తో మూడు సైజుల పుష్ పిన్నులిచ్చారు, వాటిలో సన్నది మూడో పనికే వంగింది. మేము పిన్నుకి సరిగ్గా మధ్యలో పెట్టలేదేమో అని మొదట అనుకున్నా, కానీ రెండోది స్కేలు పెట్టి చూసుకుని పెట్టినా దాని ముఖం అణిగిపోయింది, అంటే మెటల్ మెత్తన. అమ్మినవాళ్లకి ఫోటోలు పంపితే సైడ్ లోడ్ పడింది, అంటే తోపు పక్కకి పడింది అనే సమాధానం, మార్చి ఇవ్వలేదు. లేత్ పనివాడి దగ్గర మంచి అల్లాయ్ స్టీలుతో చేయించుకుని హీట్ ట్రీట్‌మెంట్ పెట్టించాం, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. రెండోది, హోస్ కప్లర్‌కి, అంటే హోస్ తగిలించే జాయింటుకి, ప్లాస్టిక్ మూత ఇచ్చారు, అది వారంలో పగిలింది, మట్టి పోయి కప్లర్ లీకైంది. 700 బార్ దగ్గర లీకు ఎక్కడుందని చెయ్యి పెట్టి వెతికారంటే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, ప్రెషర్ సున్నా చేశాకే ముట్టుకోండి. మూడోది, వాళ్లిచ్చిన కాగితంలో చైన్ లూజ్ చెయ్యడం గురించి ఒక్క లైను కూడా లేదు. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షన్ సిలిండర్ గ్రీజ్ వాల్వ్ నిదానంగా విప్పాలి, ఒక చుట్టు మించొద్దు, మొహం దానికి ఎదురుగా పెట్టొద్దు, లోపల గ్రీజ్ విపరీతమైన ప్రెషర్‌లో ఉంటుంది. గ్రీజ్ రాకపోతే వాల్వ్ పూర్తిగా విప్పడం కాదు, ఆ వైపు చైన్ నేలనుంచి లేపి ముందుకి వెనక్కి మెల్లగా తిప్పితే వస్తుంది. టెన్షన్ ఉండగా పిన్ను తోస్తే లింక్ పక్కకి లాగేస్తూ ఉంటుంది, వంద టన్నులు కాదు రెండొందల టన్నులు పెట్టినా వేస్టే.

కొత్త పిన్ను ఎక్కించడానికి కూడా ఇదే వాడుతున్నాం, అక్కడ ఇంకా బాగుంది. హోల్ గరుకు తీసి, తుడిచి, పల్చగా గ్రీజ్ రాసి పెడితే నిటారుగా వెళ్లిపోతుంది, రెండు వైపులా ఒకే కొలత బయటికుందో లేదో చూసుకుని ఆపడమే. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ ఒకటి పుష్ పిన్నులకి కోసింది. హెల్పర్ చేతి మీద మచ్చ ఇంకా ఉంది, పంపు దగ్గర ఇప్పుడు అతనే కూర్చుంటాడు, గేజ్ చదివి బిగ్గరగా చెప్పే పని కూడా అతనిదే.