టబ్బీనా, పెర్రీనా? డబ్ మిక్సింగ్ నేర్చుకునేవాళ్ళకి ఎవరి దారి మేలు

ఇంట్లో ఒక ఇంటర్‌ఫేస్, రెండు స్పీకర్లు పెట్టుకుని సొంతంగా మిక్సింగ్ చేసుకునే కుర్రాళ్ళు రెగ్గే వైపు మళ్ళారంటే అడిగే మొదటి ప్రశ్న ఇదే: ముందు కింగ్ టబ్బీని పట్టుకోవాలా, లీ పెర్రీనా? డబ్ అంటే, రికార్డయిన రెగ్గే పాటలోంచి గొంతూ వాద్యాలూ తీసేస్తూ, మళ్ళీ తెస్తూ, ఎకోలు వేసి చేసే కొత్త మిక్స్, జమైకాలో ఆ పనికి పేరుపడ్డవాళ్ళే ఈ ఇద్దరూ. ఇద్దరూ గొప్పోళ్ళే, ఇద్దర్నీ వినండి అనేస్తే సరిపోతుంది కానీ అడిగినవాళ్ళకి దానివల్ల ఒరిగేదేం లేదు. వినడానికి ఎవరు బావుంటారన్నది ఎవరిష్టం వాళ్ళది. పని నేర్చుకోడానికి ఎవరు పనికొస్తారు అన్నదాని మీదే నేను చెప్పేది.

ముందు పెర్రీ సంగతి. 1936లో జమైకాలో కెండల్ అనే ఊళ్ళో పుట్టి, కింగ్‌స్టన్ వచ్చి కాక్సన్ డాడ్ అనే ప్రొడ్యూసర్ దగ్గర పనిచేసి, అక్కడ పడక జో గిబ్స్ అనే ఇంకో ప్రొడ్యూసర్ దగ్గరికెళ్ళి, అక్కడా పొసగక 1968లో అప్‌సెటర్ అని సొంత లేబుల్ పెట్టుకున్నాడు. అదే ఏడాది చేసిన 'పీపుల్ ఫన్నీ బాయ్'లో పసిపిల్ల ఏడుపు వినపడుతుంది, పాటంతా జో గిబ్స్‌ని దెప్పడమే. బాబ్ మార్లే బ్యాండ్ వెయిలర్స్‌తో 'సోల్ రెబెల్స్' ఆల్బమ్ చేసింది కూడా ఈయనే. ఇవన్నీ ఒకెత్తు, 1973లో ఇంటి పెరట్లో కట్టుకున్న బ్లాక్ ఆర్క్ స్టూడియో ఒకెత్తు. ఉన్నది నాలుగు ట్రాకుల టియాక్ మెషీన్, స్పేస్ ఎకో అనే ఎకో మెషీన్ ఒకటి, శబ్దాన్ని సుడి తిప్పినట్టు చేసే ఫేజర్ ఒకటి, అంతే. నాలుగు ట్రాకులు నిండగానే వాటిని కలిపి తక్కువ ట్రాకుల్లోకి దించేసి, ఖాళీ అయిన చోట మళ్ళీ ఇంకో పొర వేసేవాడు, దించిన ప్రతిసారీ టేప్ హిస్, అంటే టేపు వెనక వినపడే సన్నటి రొద, పెరుగుతుంది, పైనుండే మెరుపు తగ్గుతుంది, గొంతూ గిటారూ డ్రమ్సూ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఆ మసకే ఆయన సౌండ్. 1976లో 'సూపర్ ఏప్', మ్యాక్స్ రోమియోతో 'వార్ ఇనా బ్యాబిలోన్', మరుసటి ఏడు కాంగోస్ ఆల్బమ్, ఈ మూడూ వింటే ఆ గదిలో ఏం జరిగిందో అర్థమవుతుంది.

నేర్చుకునేవాడికి చిక్కొచ్చేది కూడా ఆ మసకతోనే. ఏ శబ్దం ఏ పొరలో పడిందో, ఎప్పుడు కలిపాడో బయట నుంచి విని విడదీయలేం. పాట రాయించడం, గాయకుడి చేత పాడించడం, బ్యాండ్‌ని నడిపించడం, మిక్స్ చేయడం అన్నీ ఒకే మనిషి ఒకేసారి చేశాడు. టేప్ శాచురేషన్ ప్లగిన్ ఒకటి, ఫేజర్ ఒకటి వేసేసి ఇదే బ్లాక్ ఆర్క్ అనుకునే మిక్సులు బోలెడు విన్నాను, బురద తప్ప ఏం ఉండదు వాటిలో.

ఇప్పుడు టబ్బీ. అసలు పేరు ఆస్బోర్న్ రడక్, 1941లో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. రేడియోలు బాగుచేసేవాడు, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాడు, వీధి డాన్సులకి పెట్టే సౌండ్ సిస్టమ్‌లకి యాంప్లిఫయర్లు కట్టేవాడు, డ్యూక్ రీడ్ అనే ప్రొడ్యూసర్ దగ్గర డిస్కులు కట్ చేసేవాడు. తన సొంత సౌండ్ సిస్టమ్ హోమ్‌టౌన్ హైఫై మీద పాట మీద మాటలల్లే యు రాయ్ మైక్ పట్టుకుంటే వీధి వీధంతా అక్కడే ఉండేదంటారు. వాటర్‌హౌస్‌లో డ్రోమిలీ అవెన్యూ 18వ నంబర్ ఇంట్లో పెట్టుకున్న స్టూడియోలో బ్యాండ్ పట్టే చోటు కూడా లేదు. బన్నీ లీ లాంటి ప్రొడ్యూసర్లు వేరే స్టూడియోల్లో వాయించిన టేపులు పట్టుకొస్తే వాటి మీద గొంతులు ఎక్కించడం, మిక్స్ చేయడం, ఇంతే అక్కడ జరిగింది. అంటే ఆయన చేతికొచ్చేసరికి పాట అయిపోయింది! కొత్తగా వాయించడానికేం లేదు, ఉన్నదాంట్లోంచి తీసేయడమే. ఏది తీయాలి, ఎంతసేపు తీసి ఉంచాలి, మళ్ళీ ఎప్పుడు తేవాలి, మొత్తం విద్యంతా అక్కడే ఉందని నా నమ్మకం, టబ్బీ వైపే మొగ్గడానికి నాకున్న అసలు కారణం కూడా ఇదే.

డైనమిక్ స్టూడియో వదిలించుకున్న ఎంసీఐ మిక్సింగ్ బోర్డు ఆయన కొనుక్కున్నాడు, నాలుగు ట్రాకులది. దాని మీద కింది శబ్దాల్ని కోసేసే హైపాస్ ఫిల్టర్ ఒకటి ఉంది, పెద్ద నాబ్, మెట్లు మెట్లుగా తిరుగుతుంది, 70 హెర్ట్జ్ దగ్గర మొదలై 7500 దాకా పోతుంది. తిప్పుతుంటే బేస్ జారిపోయి చివరికి హైహాట్ తాలూకు సన్నటి గీర మాత్రం మిగులుతుంది, ఠక్కున వెనక్కి తిప్పితే బేస్ వచ్చి గుండెల మీద పడుతుంది. లోపలి స్ప్రింగులతో ప్రతిధ్వని పుట్టించే స్ప్రింగ్ రివర్బ్ పెట్టెని చేత్తో ఒక్కటి కొడితే ఉరుము. ఇదంతా పాట నడుస్తుండగా చేతుల్తో అప్పటికప్పుడు చేసిందే, ఇంకోసారి చేస్తే ఇంకోలా వస్తుంది.

నమ్మకం కుదరకపోతే జేకబ్ మిల్లర్ పాడిన 'బేబీ ఐ లవ్ యూ సో' ఒకసారి విని, వెంటనే దాని డబ్ 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' వినండి. అగస్టస్ పాబ్లో ప్రొడక్షన్. అవే డ్రమ్స్, అదే బేస్, మిల్లర్ గొంతు మాత్రం ఒక్కో ముక్క వచ్చి ఎకోలో పడి కొట్టుకుపోతుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ప్రతి నిర్ణయం కనపడుతుంది, ఎక్కడ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) దించాడో కాయితం మీద రాసుకోవచ్చు. పెర్రీ రికార్డులతో ఇలా కుదరదు.

ఇంకోటి కూడా ఉంది. టబ్బీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి వాళ్ళే పెద్దవాళ్ళయ్యారు. ప్రిన్స్ జామీ 1985లో వేన్ స్మిత్ 'స్లెంగ్ టెంగ్'ని క్యాసియో ఎంటీ 40 కీబోర్డ్ రిథమ్ మీద చేసి రెగ్గేలోంచి వచ్చిన డాన్స్‌హాల్ సంగీతాన్నే మొత్తంగా డిజిటల్ వైపు తిప్పేశాడు. సైంటిస్ట్ అనే పేరుతో తెలిసిన డబ్ ఇంజనీర్ కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. టబ్బీని 1989 ఫిబ్రవరిలో ఇంటి బయటే కాల్చి చంపారు, చంపినవాళ్ళెవరో ఇప్పటికీ తేలలేదు, అప్పటికి ఆయనకి 48 ఏళ్ళే. అయినా పని ఆగలేదు, శిష్యుల చేతుల్లో ఉంది కాబట్టి. బ్లాక్ ఆర్క్ మాత్రం మూతపడి, కాలిపోయి, పెర్రీ ఆ ఊరొదిలి వెళ్ళిపోయాక ఆ సౌండ్ మళ్ళీ రాలేదు. ఆ తర్వాత కూడా ఆయన 2021లో చనిపోయేదాకా పాడుతూనే ఉన్నాడు, 2003లో గ్రామీ కూడా వచ్చింది, కానీ నాకు బ్లాక్ ఆర్క్ రోజులే పెర్రీ.

ఒక్క విషయంలో పెర్రీదే పైచేయి, అది ఒప్పుకోవాల్సిందే. గాయకుడి నుంచి పాట రాబట్టడం టబ్బీ ఇంట్లో నేర్చుకోలేరు, మంచి టేపు ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. మీకు ప్రొడ్యూసర్ అవ్వాలని ఉంటే, మిక్సింగ్ రెండోదైతే, పెర్రీనే పట్టుకోండి.

మిగతావాళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. మ్యాడ్ ప్రొఫెసర్ బావుంటాడు, మాసివ్ అటాక్ అనే బ్యాండ్ ఆల్బమ్‌ని 1995లో 'నో ప్రొటెక్షన్'గా మార్చింది ఆయనే, కానీ మొదలెట్టడానికి కాదు. ఎరల్ థాంప్సన్ అనే ఇంకో డబ్ ఇంజనీర్‌ని తర్వాత చూసుకోవచ్చు.

టబ్బీతో మొదలెడితే చేయాల్సింది ఇదీ. డ్రమ్స్, బేస్, గిటారూ ఆర్గనూ కలిపి ఒకటి, గొంతు ఒకటి, నాలుగే ట్రాకులు పెట్టుకోండి. ఒక ఎకో, ఒక రివర్బ్, ఒక హైపాస్. కంప్యూటర్ తనంతట తానే ఫేడర్లు కదిపేలా ఆటోమేషన్ గీయొద్దు, మౌస్ వదిలేసి చిన్న మిడి ఫేడర్లు కొనుక్కోండి, పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే దమ్ములో చేతుల్తో చేసి రికార్డ్ చేయండి, నచ్చకపోతే సవరించొద్దు, మళ్ళీ మొదటి నుంచి చేయండి. చేతులు కాస్త తిరిగాక 'బ్లాక్‌బోర్డ్ జంగిల్ డబ్' పెట్టుకోండి, 1973లో పెర్రీ, టబ్బీ కలిసి చేసింది. అప్పుడు పెర్రీ దగ్గరికి వెళ్తే ఆ మసకలో ఏం దాచాడో సగమైనా చెవికి చిక్కుతుంది.