కట్టెల లోడుకు పాత పికప్ కొంటున్నారా? చాసిస్ మీద కొత్త నల్ల రంగు కనబడితే ఆగండి

చాసిస్ (బండిని మోసే కింది ఇనుప చట్రం) మీద రంగు గీకితే కింద వెల్డింగ్ చేసిన ప్లేటు బయటపడింది. ప్లేటు అంచు వెంబడే పగులు. మెకానిక్ దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చి రాస్తున్నాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. పాత బండ్లు అమ్మే ఏ యార్డో ఇక్కడ చాలామందికి చెప్పక్కర్లేదు, పేరు రాయను. కట్టెలు తోలడానికని పాత పికప్ తీసుకున్నాను. మూడు వారాలు కూడా కాలేదు.

అమ్మేరోజు యార్డువాడన్న మాట: "వెనక కమాన్ కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) అదనంగా పట్టీలు వేయించామండీ, మీరు రెండు టన్నులు కళ్లు మూసుకుని ఎక్కించండి." ఇవాళ మెకానిక్ దగ్గర కింద దిగి చూసే గుంట మీద బండి నిలబెట్టి ఫోన్ చేస్తే: "కట్టెలు ఎక్కించమని నేను చెప్పానా? చూసుకునే కదా కొన్నావు." మూడు వారాల్లో "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. అది కూడా ఓర్చుకునేవాణ్ణి. ఆ వెంటనే "ఆ ప్లేటు బలం కోసం మేమే వేశాం" అన్నాడు. అంటే ప్లేటు కింద పాత పగులు ఉన్న సంగతి వాడికి ముందే తెలుసు. తెలిసే వెల్డింగ్ చేయించాడు, కనబడకుండా పైన తారులాంటి నల్ల కోటింగ్ కొట్టించాడు, ఆ చాసిస్ మీదే రెండు టన్నులు ఎక్కించమన్నాడు. లోడుతో దిగుడులో అది విరిగి ఉంటే? డబ్బు పోయినదానికన్నా దీనికే నాకు ఎక్కువ మండుతోంది.

నా తప్పూ ఉంది. ఇంజిను విన్నాను, క్లచ్ చూశాను, ఖాళీ బండిని ఒక చుట్టు తిప్పి టోకెన్ (అడ్వాన్సు) ఇచ్చేశాను. కింద దూరి చూడలేదు.

ముందు ఈ పట్టీల సంగతి. కమాన్ కట్టకు పట్టీ కలిపితే బండి వెనక వంగడం తగ్గుతుంది, అంతే. మోసే శక్తి పెరగదు. చాసిస్, హౌసింగు (వెనక ఇరుసు తొడుగు), హబ్ బేరింగులు, బ్రేకులు, టైర్లు అన్నీ కంపెనీ లెక్క ప్రకారమే ఉంటాయి. ఎక్కువ లోడు వేసినా బండి నిటారుగా నిలబడుతుంది కాబట్టి మనకు అనుమానం రాదు. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకు కడ్డీతో తగిలించిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. బండి వెనక ఎంత కిందికి దిగిందో చూసి, వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో అది నిర్ణయిస్తుంది. పట్టీలు వేసి వెనక భాగం ఎత్తేస్తే, నిండా లోడు ఉన్నా బండి ఖాళీగా ఉన్నట్టే దానికి తెలుస్తుంది. వెనక బ్రేకు తగ్గుతుంది, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. పట్టీలు వేసినవాడు ఆ కడ్డీని మళ్లీ సర్దాడో లేదో అడగండి. నా బండికి సర్దలేదు.

కట్టెల బరువు కంటికి ఆనదు. తొట్టి 2.5 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు, 0.4 మీటర్ల లోతు అనుకోండి. అంచు వరకు పేరిస్తే 1.6 ఘనపు మీటర్లు. పేర్చిన కట్టెల్లో సుమారు మూడింట రెండు వంతులు కర్ర, మిగతాది గాలి. పచ్చి గట్టి కర్ర ఘనపు మీటరు దాదాపు 1000 కిలోలు తూగుతుంది. అంటే అంచు దాటకుండానే టన్ను దాటింది! అదే బాగా ఎండిన గట్టి కర్ర 700 దగ్గర ఉంటుంది కాబట్టి అంతే తొట్టి 750 కిలోల చుట్టూ తేలుతుంది. పక్కలకు కడ్డీలు నిలబెట్టి ఎత్తు రెట్టింపు చేసి పచ్చి కర్ర పోస్తే రెండు టన్నులు. యార్డువాళ్లు "కళ్లు మూసుకుని" అనేది ఈ లోడే.

బండి ఎంత మోయగలదో అమ్మేవాణ్ణి అడగకండి. తలుపు దగ్గరున్న ప్లేటు మీదో, కాగితాల్లోనో మొత్తం అనుమతి బరువు ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. కాగితంలోని ఖాళీ బరువును నమ్మకుండా వేబ్రిడ్జి మీద తూయించండి, ఎందుకంటే తర్వాత వేసిన కడ్డీలు, రేకులు, పట్టీలు అందులో ఉండవు. మిగిలినదాంట్లోంచి డ్రైవరునూ పక్కన కూర్చునేవాణ్ణీ కూడా తీసేయాలి.

ఇక చాసిస్. పాత బండి కింద అంతా తుప్పు, మట్టి ఉండి, ఒక్కచోట మాత్రం నిగనిగలాడుతుంటే అక్కడే గీకండి. ముఖ్యంగా క్యాబిన్ వెనక, వెనక కమాన్ కట్ట ముందు బ్రాకెట్ పైన. పగుళ్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. చిన్న సుత్తితో తట్టండి: గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నదో పుట్టీ పూసిందో మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం పెట్టండి, పుట్టీ మందంగా ఉన్నచోట సరిగ్గా అంటదు. తర్వాత బండి పక్కన నిలబడి క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు చూడండి. పైనా కిందా ఒకే వెడల్పు లేకపోతే చాసిస్ వంగిందేమో చూపించాలి. వెనక టైర్ల లోపలి అంచు ఎక్కువ అరిగితే హౌసింగు వంగి ఉండొచ్చు.

ప్లేటు వేసిన ప్రతి బండీ చెడ్డది కాదు. పగులు కొసన రంధ్రం వేసి ఆపి, పగులును లోతుగా గాడి తీసి నింపి, ఆపైన కొసలు ఏటవాలుగా కోసిన ప్లేటు వేస్తే అది పని. నా బండికి వేసింది చతురస్రం ముక్క. దాని నిలువు అంచును అడ్డంగా వెల్డు చేశారు. ఒత్తిడంతా ఆ గీత మీదే చేరి, పక్కనే కొత్త పగులు పుట్టింది. వెల్డు పక్కన వేడి తిన్న ఇనుము అసలే బలహీనం. ఆ ముక్క వేయకుండా పాత పగులు అలాగే కనబడనిచ్చి ఉంటే నేను బండి కొనేవాణ్ణే కాదు.

టైర్లు కొత్తవని మురిసిపోకండి. పక్కనున్న లోడ్ ఇండెక్స్ చదవండి. 94 అంటే ఒక్కో టైరుకు 670 కిలోలు, 112 అంటే 1120 కిలోలు. నాకు వెనక 94వి బిగించి ఇచ్చారు. రెండూ కలిపి 1340 కిలోలు, అందులోనే బండి వెనక భాగం సొంత బరువు కూడా. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం.

కొనేవాళ్లకు: టోకెన్ ఇవ్వకముందే మీ మెకానిక్‌తో గుంట మీద ఎక్కించి చూపించండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. టెస్ట్ డ్రైవ్ లోడుతో, ఎత్తు ఎక్కిస్తూ చేయండి. పై గేరులో ఇంజిను శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. "ఇంత బరువుకు పనికొస్తుంది" అన్న మాట కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించండి. నా దగ్గర ఆ కాగితం లేదు.

లోడు వేసేటప్పుడు బరువు కట్టెలు క్యాబిన్ వైపుకే, వెనక ఇరుసుకు ముందే పేర్చండి. వెనక్కి వేస్తే ముందు భాగం తేలి స్టీరింగు తేలికవుతుంది, ఇరుసు దగ్గర చాసిస్ మీద వంపు పెరుగుతుంది. చిన్న ముక్కల మీద వల కప్పి, అడ్డంగా రెండు బెల్టులు బిగించండి. కొంత దూరం వెళ్లాక ఆపి మళ్లీ బిగించాలి, కుదుపుకు కట్టెలు సర్దుకుని బెల్టులు వదులవుతాయి.